రెండో ప్రపంచ యుద్ధం నాటి వింత ఇంజిన్లు: 24 సిలిండర్లు, 36 సిలిండర్లు... ఎందుకన్ని తిప్పలు?

గాలిమర
ఇక్కడ స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం మీద, దాని మెర్లిన్ ఇంజిన్ మీద చర్చలకు కొదవ లేదు. నేను అడిగేది వాటి నీడలో నలిగిపోయిన ఇంజిన్ల గురించి. 1935కీ 1945కీ మధ్య బ్రిటన్, జర్మనీ, అమెరికా ఇంజనీర్లందరికీ ఒకేసారి పూనకం వచ్చినట్టు 24 సిలిండర్ల ఇంజిన్లు గీశారు. ఒకరిది హెచ్ ఆకారం, ఒకరిది ఎక్స్ ఆకారం, ఇంకొకరు రెండు ఇంజిన్లను పక్కపక్కన పెట్టి ఒకే ప్రొపెల్లర్‌కి తగిలించారు. నేపియర్ సేబర్, రోల్స్‌రాయిస్ వల్చర్, డైమ్లర్-బెంజ్ 606, యూమో 222. అమెరికావాళ్లయితే లైకమింగ్‌లో 36 దాకా వెళ్లారు. వీటన్నిటిలో యుద్ధంలో గట్టిగా అక్కరకొచ్చింది ఒక్క సేబరే, అదీ అందర్నీ ఏడిపించాకే.

మామూలు వీ-12నే (వీ ఆకారంలో రెండు వరసల్లో 12 సిలిండర్లు) పెద్దది చేసుకుంటే పోయేదానికి ఇంత అవస్థ ఎందుకు పడ్డారు? దెబ్బ తిన్నది డ్రాయింగ్ బోర్డు మీదా, ఫ్యాక్టరీలోనా? నా ఓటు ఫ్యాక్టరీకే. కాదనేవాళ్లు రండి.

సుధ_థర్మో
మొదటి ప్రశ్నకు నేను చెప్తాను, రోజూ క్లాసులో చెప్పేదే. సిలిండర్ వెడల్పు పెంచితే, ప్లగ్ దగ్గర అంటుకున్న మంట అవతలి గోడ చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఈలోపు అక్కడ మిగిలిన గాలి, పెట్రోల్ కలిసిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే పేలిపోతుంది. బండికి నాకింగ్ వచ్చిందంటామే, అదే. స్కూటర్‌కైతే చికాకు, రెండు వేల హార్స్‌పవర్ ఇంజిన్‌కైతే పిస్టన్‌కి చిల్లు. పైగా పిస్టన్ ప్రయాణించే దూరం పెరిగితే ఇంజిన్‌ని వేగంగా తిప్పలేం, కడ్డీల మీద లాగుడు భరించలేనంత అవుతుంది.

ఒక లెక్క చూడండి. రోల్స్‌రాయిస్ గ్రిఫన్ వీ-12, సామర్థ్యం 36.7 లీటర్లు. నేపియర్ సేబర్ హెచ్-24, అదీ ఇంచుమించు అంతే. గ్రిఫన్‌లో స్ట్రోక్, అంటే పిస్టన్ ప్రయాణించే దూరం, 168 మి.మీ., సేబర్‌లో 121. అందుకే గ్రిఫన్ నిమిషానికి 2,750 దగ్గర ఆగిపోతే సేబర్ 3,700 దాటి తిరిగేది. అవే లీటర్లలో ఎక్కువసార్లు మంట వేయగలిగితే ఎక్కువ శక్తి. చిన్న సిలిండర్లు ఎక్కువ పెట్టడంలో ఉన్న కిటుకంతా అదే. పిచ్చేం కాదు.

కాజీపేట_షెడ్
నేను విమానాల మనిషిని కాను. రైల్వే డీజిల్ షెడ్‌లో ఆల్కో కంపెనీ ఇంజిన్ల కింద నడుం వంచి రిటైరయినవాణ్ణి. మీ మాటలు చదువుతుంటే కళ్లు తిరుగుతున్నాయి. మా డబ్ల్యూడీఎం-2 రైలింజన్‌లో 16 సిలిండర్లు, స్ట్రోక్ 267 మి.మీ., 2,600 హార్స్‌పవర్, తిరిగేది నిమిషానికి వెయ్యి సార్లు. దాని ఇంజిన్ బ్లాక్ పక్కన నిలబడితే మనిషి పొట్టిగా కనపడతాడు. ఈ సేబర్ బరువెంతండీ?

గాలిమర
టన్ను పైన కాస్త, అంకుల్. 1,100 కిలోల లోపే. మొదట్లో 2,200 హార్స్‌పవర్. చివరి రకాల్లో 3,000 దాటించారు.

కాజీపేట_షెడ్
మరి అది ఏడిపించక ఏం చేస్తుంది!

పాతఇనుము
సేబర్ ఏడిపించింది సిలిండర్ల సంఖ్య వల్ల కాదు, స్లీవ్ వాల్వ్ వల్ల. కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఈ ఇంజిన్ నాకు ప్రాణం.

మామూలు ఇంజిన్‌లో గొడుగు ఆకారపు వాల్వులు సిలిండర్ తలలో తెరుచుకుని మూసుకుంటాయి. పొగ బయటికి వెళ్లే వాల్వు ఎర్రగా కాలుతూ ఉంటుంది, నాకింగ్ తరచూ అక్కణ్ణుంచే మొదలవుతుంది. స్లీవ్ వాల్వ్‌లో ఆ వాల్వులే లేవు. సిలిండర్‌కీ పిస్టన్‌కీ మధ్య పలుచటి ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది, గ్లాసులో గ్లాసు దూర్చినట్టు. దాని గోడకు కిటికీలు. ఆ గొట్టం పైకీ కిందకీ కదులుతూనే అటూ ఇటూ కాస్త తిరుగుతుంది. దాని కిటికీలు సిలిండర్ కిటికీలకు ఎదురుగా వచ్చినప్పుడు గాలి లోపలికి, లేదా పొగ బయటికి. స్ప్రింగుల్లేవు, రాకర్లు లేవు, కాలే వాల్వు లేదు. హ్యారీ రికార్డో అనే పెద్దాయన ఇదే భవిష్యత్తని గట్టిగా చెప్పాడు. బ్రిస్టల్ కంపెనీలో రాయ్ ఫెడెన్, నేపియర్ కోసం ఫ్రాంక్ హాల్ఫర్డ్ ఆ దారే పట్టారు.

కాగితం మీద ముత్యంలా ఉంటుంది. చిక్కల్లా ఆ గొట్టం అచ్చం గుండ్రంగా ఉండాలి. పైన సిలిండర్‌తో, లోపల పిస్టన్‌తో రెండు వైపులా రాపిడి. ఇసుమంత వంకర ఉన్నా నూనె పొర తెగి పట్టేస్తుంది. చేతిపని నిపుణులు ఒక్కొక్కటీ సరిచేసి బిగించిన ఇంజిన్లు టెస్టుల్లో బ్రహ్మాండంగా తిరిగాయి. వేలల్లో తయారు చేయబోయేసరికి నేపియర్ చేతులెత్తేసింది. సేబర్ పెట్టాల్సిన హాకర్ టైఫూన్ యుద్ధ విమానాల శరీరాలు తయారై ఇంజిన్ల కోసం ఎదురుచూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

తమాషా ఏమిటంటే మందు పక్క ఊళ్లోనే ఉంది. బ్రిస్టల్ టారస్ ఇంజిన్ బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు), సేబర్ బోర్ ఒక్కటే, 127 మి.మీ. గొట్టాలు గుండ్రంగా చేసే విద్య బ్రిస్టల్‌కి అప్పటికే ఒంటబట్టింది. కానీ అది వాళ్ల వ్యాపార రహస్యం. ప్రభుత్వం మెడలు వంచాక టారస్ గొట్టాలను సేబర్‌కి సరిపడేలా మలిచి పెట్టి చూశారు, సమస్య చాలావరకు పోయింది. గ్రైండింగ్ యంత్రాలు అమెరికా నుంచి తెప్పించారు. 1942 చివర్లో నేపియర్‌ని ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ చేతిలో పెట్టారు. గాలిమర గారి ఓటుకు నా ఓటు కూడా కలుపుకోండి.

మోడల్_విశాఖ
టైఫూన్ 1/48 నమూనా కిట్ కడుతున్నప్పుడు దీని స్టార్టింగ్ తతంగం గురించి చదివాను. బ్యాటరీతో కాదు, కాఫ్‌మన్ స్టార్టర్. తుపాకీ తూటా లాంటి కార్ట్రిడ్జులు ఐదు గుండ్రటి అరలో ఉంటాయి, బటన్ నొక్కితే ఒకటి పేలి ఆ వాయువుతో ఇంజిన్ తిరుగుతుంది. ఐదు తూటాల్లోపు అందుకోకపోతే మళ్లీ నింపుకోవాల్సిందే. పెట్రోల్ ప్రైమింగ్ తక్కువైతే అందుకోదు, ఎక్కువైతే కార్బురేటర్ దగ్గర మంట లేస్తుంది. అందుకే పక్కనే ఒకడు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడేవాడు. చలికాలం రాత్రుళ్లు నూనె గడ్డకట్టకుండా మెకానిక్కులు కొన్ని గంటలకోసారి లేచి ఇంజిన్ తిప్పి వచ్చేవాళ్లు. ఎక్కిన పైలట్‌కి ఇంకో బాధ, కాక్‌పిట్‌లోకి కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది. నేల మీద ఉన్నప్పటి నుంచే ఆక్సిజన్ మాస్క్ తగిలించుకోవాలి.

సుధ_థర్మో
ఇంతా చేసి 1944 వేసవిలో లండన్ మీదికి జర్మన్ వీ-1 ఎగిరే బాంబులు వస్తుంటే, కింది ఎత్తులో వాటిని తరిమి పట్టుకోవడానికి సేబర్‌తోనే ఎగిరే టెంపెస్ట్ విమానాన్ని మించింది లేకపోయింది. సేబర్ టెంపెస్టులు ఆరు వందలకు పైగా కూల్చాయి. ఏడిపించింది నిజమే, బాకీ తీర్చింది కూడా.

కాజీపేట_షెడ్
స్లీవ్ సంగతి అర్థమైంది. ఆ ఎక్స్ ఆకారం ఇంజిన్ సంగతేంటి? నాలుగు వరసల కనెక్టింగ్ రాడ్లు (పిస్టన్‌ని క్రాంక్‌షాఫ్ట్‌కి కలిపే కడ్డీలు) ఒకే క్రాంక్ పిన్ను మీదకి వస్తాయా?

పాతఇనుము
కరెక్టుగా నొప్పి ఉన్న చోటే పట్టుకున్నారు. వల్చర్ అంటే రెండు వీ-12లను, ఒకటి నిటారుగా, ఒకటి తలకిందులుగా, ఒకే క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ కూర్చిన ఇంజిన్. 42.5 లీటర్లు, 1,780 హార్స్‌పవర్. ఒక్కో క్రాంక్ పిన్ను మీద ఒక మాస్టర్ రాడ్, దానికి తగిలించిన మూడు రాడ్లు. బిగ్ ఎండ్ (రాడ్డు క్రాంక్ పిన్నుని పట్టుకునే కొస) బోల్టులు తెగేవి, బేరింగులకు నూనె సరిగా అందేది కాదు.

కాజీపేట_షెడ్
తెగక? మా దగ్గర వీ ఇంజిన్‌లో పిన్నుకి రెండు రాడ్లు. ఆ రెంటికే బిగ్ ఎండ్ బోల్టు బిగింపు దగ్గర ఇంజనీరు పక్కన నిలబడి చూసేవాడు. బోల్టు ఎంత సాగిందో కొలిచి రాసుకునేవాళ్లం. రాడ్డు తెగితే క్రాంక్‌కేస్ గోడ పగలగొట్టుకుని బయటికొస్తుంది, ఒకసారి చూశాను. షెడ్‌లో కాబట్టి అందరం బయటికి పరిగెత్తాం. గాల్లో ఉన్నవాడు ఎటు పరిగెత్తాలి?

గాలిమర
అవ్రో మాంచెస్టర్ బాంబర్‌కి జరిగింది అదే. రెండు వల్చర్లు, ఒకటి ఆగితే రెండోదాని మీద ఎత్తు నిలబెట్టుకోవడం గండమే. 1941 ఫిబ్రవరిలో మొదటి దాడికి వెళ్లింది, 1942 జూన్‌కల్లా దాడుల నుంచి తప్పించేశారు. ఆ విమానానికే రెక్కలు పొడిగించి, వల్చర్లు తీసేసి, నాలుగు మెర్లిన్లు పెట్టాడు రాయ్ చాడ్విక్. అదే లాంకాస్టర్. పేరు మారింది, రాత మారింది.

ఇక్కడ మాత్రం ఫ్యాక్టరీని అనలేం, రోల్స్‌రాయిస్ కూడా చేతిలో మెర్లిన్ పని పెట్టుకుని దీన్ని బాగుచేస్తూ కూర్చోలేకపోయింది.

మోడల్_విశాఖ
జర్మన్ల కథ ఇంకా ఘోరం. హైంకెల్ 177ని దూరం నుంచి చూస్తే రెండింజిన్ల విమానం. నిజానికి నాలుగు. ఒక్కో రెక్కలో రెండు డైమ్లర్-బెంజ్ (డీబీ) 601లను పక్కపక్కన బిగించి, ముందు ఒక గేర్‌బాక్స్ పెట్టి, ఒకే ప్రొపెల్లర్ తిప్పారు. ఆ జంట పేరు డీబీ 606. తర్వాత రెండు 605లతో 610. నాలుగు ఇంజిన్ల గూళ్లు గాలికి అడ్డుపడకూడదు, పైగా 30 టన్నుల బాంబర్ కిందికి దూకుతూ బాంబులేయాలి అని పైవాళ్ల పంతం. డైవ్ చేసే 30 టన్నుల విమానం! ఆ ఆజ్ఞ రాసినవాణ్ణి ముందు కూర్చోబెట్టి దూకించాల్సింది.

గూడులో జాగా లేక మంటను ఆపే గోడ పెట్టలేదు. రెండు ఇంజిన్ల లోపలి వరసల పొగ గొట్టం మధ్యలోంచి పోతుంది, అది తెల్లగా కాలిపోతూ ఉంటుంది. కింద కౌలింగ్ (ఇంజిన్ చుట్టూ ఉండే రేకు మూత) అడుగున కారిన నూనె, పెట్రోల్ చేరి ఉంటాయి. ఇంక చెప్పేదేముంది. మెకానిక్‌కి చెయ్యి దూర్చే సందు లేదు, కారుతున్న పైపు ఏదో కనిపెట్టేలోపే తెల్లారేది. 1942 ఆగస్టులో జర్మన్ వాయుసేన అధిపతి గోరింగే ఇవేం అతుకుల ఇంజిన్లని మండిపడ్డాడు. విడివిడిగా నాలుగు ఇంజిన్లు పెడతానని హైంకెల్ ఎంత మొత్తుకున్నా చాలాకాలం వినలేదు.

హిజ్లీ_పాతకాపు
మంటల మాటొచ్చింది కాబట్టి మన దేశంలోనే జరిగిన కథ చెప్పాలి. ఖరగ్‌పూర్ ఐఐటీలో చదివినవాళ్లకి హిజ్లీ పాత భవనం తెలుసు, ఇప్పుడు నెహ్రూ సైన్స్ మ్యూజియం ఉన్నది. బ్రిటిష్‌వాళ్లు కట్టిన నిర్బంధ శిబిరం అది. 1944లో అమెరికా 20వ బాంబర్ కమాండ్ కార్యాలయం అందులోనే నడిచింది. బీ-29 సూపర్‌ఫోర్ట్రెస్ మొట్టమొదట యుద్ధానికి బయల్దేరింది ఖరగ్‌పూర్, చాకులియా, పియర్‌డోబా, దూధ్‌కుండీ రన్‌వేల మీద నుంచి. 1944 జూన్ 5న బ్యాంకాక్, పది రోజులకు చైనా స్థావరాల మీదుగా జపాన్‌లోని యవాటా. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బీఎన్ఆర్ (బెంగాల్-నాగ్‌పూర్) రైల్వేలో పనికెళ్లిన తెలుగు కుటుంబాలు అప్పటికే ఆ ఊళ్లో బోలెడు. వాళ్ల నెత్తి మీదుగానే ఇవి ఎగిరాయి.

దీని ఇంజిన్ రైట్ ఆర్-3350. ఆకారం వింతేమీ కాదు, రెండు వరసల్లో 18 సిలిండర్లు, గాలితో చల్లబడే రేడియల్ (సిలిండర్లు షాఫ్ట్ చుట్టూ చక్రం ఆకుల్లా ఉండేది), 2,200 హార్స్‌పవర్. కాకపోతే దాదాపు 55 లీటర్ల ఇంజిన్‌ని బిగుతైన గూడులో కుక్కారు. ముందు వరస చాటున వెనక వరసకి గాలి అందక వాల్వులు మాడిపోయేవి. ఇంజిన్ కవచంలో కొన్ని భాగాలు మెగ్నీషియం మిశ్రమం, అంటుకుంటే ఆర్పడం మనిషి తరం కాదు. 1943 ఫిబ్రవరి 18న సియాటిల్‌లో రెండో నమూనా విమానం మంటలతో ఒక మాంసం ప్యాకింగ్ ఫ్యాక్టరీ మీద కూలింది. టెస్ట్ పైలట్ ఎడ్డీ అలెన్ సహా విమానంలో ఉన్న 11 మందీ పోయారు.

అలాంటి ఇంజిన్‌ని ఏప్రిల్, మే నెలల్లో బెంగాల్‌కి తెచ్చారు! వచ్చే దారిలోనే కరాచీ దగ్గర విమానాలు కూలితే కొన్నాళ్లు మొత్తం ఆపేశారు. సిలిండర్ల మీదికి గాలి మళ్లించే రేకులు మార్చారు, వెనక వరస వాల్వుల దగ్గరికి అదనంగా నూనె గొట్టాలు వేశారు, కౌల్ ఫ్లాపులు (గూడు అంచున తెరిచి మూసే రేకులు) పొట్టివి చేశారు. ఆ ఫ్లాపులు తెరిస్తే ఇంజిన్ చల్లబడుతుంది గానీ గాలి అడ్డుపడి విమానం లేవదు, మూస్తే లేస్తుంది గానీ ఇంజిన్ మాడుతుంది. నిండా బరువుతో, ఖరగ్‌పూర్ ఎండలో, ఆ రెండింటి మధ్య పైలట్ ఎంత టెన్షన్ పడి ఉంటాడో అక్కడ మే నెల గడిపినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సుధ_థర్మో
> కాకపోతే దాదాపు 55 లీటర్ల ఇంజిన్‌ని బిగుతైన గూడులో కుక్కారు

ఇదే నా వాదన, గాలిమర గారూ. సేబర్ తప్ప మీరంతా చెప్పిన కేసుల్లో చంపింది వేడి. ఎక్స్ అయినా, జంట అయినా, రేడియల్ అయినా శక్తి పెంచడం కంటే ఆ వేడిని బయటికి తోడడమే కష్టమైంది. ఫ్యాక్టరీది రెండో స్థానం.

గాలిమర
బోల్టులు తెగడం వేడి వల్లనా? గొట్టాలు వంకర పోవడం?

సుధ_థర్మో
బోల్టుల్ని మీకు వదిలేస్తున్నా. బేరింగ్‌కి నూనె అందకపోవడాన్ని మాత్రం వదలను.

మోడల్_విశాఖ
మీరిద్దరూ తేల్చుకోండి, ఈలోపు యూమో 222 సంగతి. నాలుగేసి సిలిండర్లున్న ఆరు వరసలు క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ నక్షత్రంలా. నీటితో చల్లబడేది. బోర్, స్ట్రోక్ రెండూ 135 మి.మీ., మొత్తం 46.4 లీటర్లు. చూడ్డానికి ఎంత పొందికగా ఉంటుందో! యుంకర్స్ 288 బాంబర్ మొత్తం దీని మీద ఆశ పెట్టుకుంది. నికెల్, క్రోమియం లాంటి లోహాలకు జర్మనీ కటకటలాడుతున్న రోజులు, ఇంజిన్ కుదురుకోలేదు, ఆ బాంబరూ గట్టెక్కలేదు. తయారైనవి మూడు వందల లోపే.

దీని ఇంజనీర్ ఫెర్డినాండ్ బ్రాండ్నర్ కథ మాత్రం మన విశాఖ బీచ్ రోడ్డు దాకా వచ్చింది. యుద్ధం అయ్యాక రష్యన్లు ఆయన్ని పట్టుకుపోయారు. అక్కడ కుయిబిషెవ్‌లో కుజ్నెత్సోవ్ సంస్థలో టర్బోప్రాప్ (జెట్ టర్బైన్‌తో ప్రొపెల్లర్ తిప్పే ఇంజిన్) మీద పనిచేయించారు. టుపొలెవ్ 95 బాంబర్ మొదటి నమూనాకి మళ్లీ పాత పాటే, రెండు టర్బోప్రాప్‌లను ఒక గేర్‌బాక్స్‌కి జంట కట్టిన ఇంజిన్. 1953 మేలో ఆ గేర్లు విరిగి, మంటలు లేచి విమానం కూలింది. తర్వాత ఒకే పెద్ద ఇంజిన్‌గా వచ్చిందే ఎన్‌కే-12. ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన టీయూ-142కి ఉన్నవి అవే. ఈసారి వెళ్తే ఒకదాని వెనక ఒకటి ఎదురెదురుగా తిరిగే ఆ ప్రొపెల్లర్ల కింద నిలబడి చూడండి.

అంతటితో అయిపోలేదు. బ్రాండ్నర్ ఆ తర్వాత ఈజిప్టు వెళ్లి ఈ-300 అనే జెట్ ఇంజిన్ చేశాడు. దాన్ని 1967లో గాల్లో పరీక్షించింది మన హెచ్‌ఏఎల్ మారుత్ విమానంలో.

హిజ్లీ_పాతకాపు
ఇది నాకు కొత్త సంగతి. మారుత్ గీసిన కుర్ట్ టాంక్ జర్మనీవాడు కదా, ఫోకెవుల్ఫ్ 190 ఆయనదే. యుద్ధంలో వేర్వేరు కంపెనీల్లో ఉన్నవాళ్ల పనులు ఇరవై ఏళ్ల తర్వాత ఒకే విమానంలో కలిశాయన్నమాట.

ఆష్‌బర్న్_రావు
మా ఇంటికి దగ్గర్లోనే వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయం పక్కన స్మిత్‌సోనియన్ వాళ్ల ఉద్వర్-హేజీ సెంటర్ ఉంది. ఇండియా నుంచి ఎవరొచ్చినా అందరూ డిస్కవరీ షటిల్ ముందు ఫొటోలు దిగుతారు, నేను మాత్రం లైకమింగ్ ఎక్స్‌ఆర్-7755 దగ్గర నిలబెడతాను. 127 లీటర్లు, 36 సిలిండర్లు, 5,000 హార్స్‌పవర్, బరువు 2,700 కిలోల పైన. మూడు మీటర్ల పొడవు. తొమ్మిది వరసల్లో నాలుగేసి సిలిండర్లు, వరసకో క్యామ్‌షాఫ్ట్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్). ఆ షాఫ్ట్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. టేకాఫ్‌కి ఒక క్యామ్, నిదానంగా దూరం పోయేటప్పుడు ఇంకొక క్యామ్. ఈనాటి కార్లలో గొప్పగా చెప్పుకునే వేరియబుల్ వాల్వ్ అన్నది 1944లోనే దీనికి ఉంది! 1946లో ఆపేశారు, ఏ విమానానికీ ఎక్కలేదు. మా మావయ్య దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, ఇది ఆగిపోతే ఎవరు రిపేర్ చేస్తారురా అన్నారు.

సుధ_థర్మో
ఇవన్నీ ఎందుకు అనవసరమైపోయాయో కూడా చెప్పుకోవాలి. జెట్ వచ్చింది, సరే. అంతకంటే ముందే పెట్రోల్ మారింది. 1939లో మెర్లిన్ వెయ్యి హార్స్‌పవర్ చిల్లర. అదే 27 లీటర్ల ఇంజిన్ యుద్ధం చివరికి రెండు వేలు దాటింది. ఒక్క లీటరు పెంచలేదు, ఒక్క సిలిండర్ కలపలేదు. 100 ఆక్టేన్ పెట్రోల్, ఆపైన 130 గ్రేడు వచ్చి నాకింగ్‌ని వెనక్కి నెట్టాయి. రోల్స్‌రాయిస్ ఇంజనీర్ స్టాన్లీ హుకర్ రెండు దశల సూపర్‌ఛార్జర్‌తో లోపలికి గాలి కూరాడు. స్లీవ్ వాల్వ్ ఏ జబ్బుకి మందుగా పుట్టిందో ఆ జబ్బును పెట్రోల్ శుద్ధిచేసేవాళ్లు నయం చేసేశారు. ఇంజిన్ డిజైనర్లు 1936 నాటి పెట్రోల్‌ని నమ్ముకుని లెక్కలేశారు, వాళ్ల తప్పూ కాదు.

పాతఇనుము
ఒప్పుకోను. స్లీవ్ వాల్వ్ ఓడిపోలేదు. బ్రిస్టల్ హెర్క్యులిస్, సెంటారస్ యుద్ధం తర్వాత కూడా ఏళ్ల తరబడి తిరిగాయి. కశ్మీర్‌లో 1947-48లో మన వాయుసేన వాడిన టెంపెస్ట్-2కి ఉన్నది సెంటారసే, 18 స్లీవుల రేడియల్. ఢిల్లీ పాలం మ్యూజియంలో ఒకటి ఉంది, చూసుకోండి.

గాలిమర
అంటే గుండ్రటి గొట్టం చేయడం తెలిసిన ఫ్యాక్టరీలో గెలిచింది, తెలియని ఫ్యాక్టరీలో ఏడిపించింది. నేనన్నదీ అదేగా!

కాజీపేట_షెడ్
మీ ఓట్ల లెక్క మీరు చూసుకోండి. నాకొక్క అనుమానం. ఇన్ని సిలిండర్లకు ప్లగ్గులు ఎవరు మార్చేవాళ్లు?

ఆష్‌బర్న్_రావు
మంచి ప్రశ్న అంకుల్. విమాన ఇంజిన్‌లో సిలిండర్‌కి రెండు ప్లగ్గులు. ప్రాట్ అండ్ విట్నీ వాస్ప్ మేజర్ అని 28 సిలిండర్ల రేడియల్ ఉంది, 71.5 లీటర్లు, యుద్ధం అందుకోలేదు గానీ తర్వాత బీ-36 బాంబర్‌కి ఆరు పెట్టారు. ఇంజిన్‌కి 56 ప్లగ్గులు, విమానానికి 336. అప్పటి పెట్రోల్‌లో సీసం ఎక్కువ, ప్లగ్గులకు మసి పట్టేది. స్టార్ట్ చేసేటప్పుడు కాస్త అటూ ఇటూ అయితే మొత్తం విప్పి మార్చాల్సిందే.

కాజీపేట_షెడ్
336! డీజిల్‌కి ప్లగ్గులే ఉండవు నాయనా. మా ఆల్కోని ఇన్నాళ్లూ అనవసరంగా తిట్టుకున్నాను.